ఉంగరం వేలు సగమే మండిన ఊరు

చెయ్యి మంట పుట్టించుకోవడానికి టికెట్టు కొనుక్కుని మరీ గుంటూరు వెళ్లినదాన్ని మా రాజమండ్రి మొత్తానికి నేనొక్కదాన్నే అయ్యుంటాను. మిగతావాళ్లు పెళ్లిళ్లకు వెళ్తారు, కోర్టు పనులకు వెళ్తారు, వచ్చాక అక్కడి కారం గురించి వారం రోజులు ఫిర్యాదు చేస్తారు. నా ఫిర్యాదల్లా మంట సరిపోలేదనే.

నేను ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్ని. పద్దెనిమిదేళ్లుగా జనం రక్తం తీస్తున్నాను. కుడి చేతిలో సూది, ఎడమచేతి చూపుడు వేలితో వెతుకులాట. పసిపిల్లల చేతుల్లో, పెద్ద జబ్బులు చేసి చిక్కిపోయినవాళ్ల చేతుల్లో రక్తనాళం కంటికి కనబడదు, వేలికే తగులుతుంది. అలాంటి కేసు వచ్చిందంటే "పద్మగారిని పిలవండి" అనేవాళ్లు. కిందటి మే నెలలో ఆవకాయ జాడీ కడుగుతుంటే జారింది. పట్టుకోబోయాను. జాడీ దక్కలేదు గానీ దాని పెంకు మాత్రం ఎడమచేతి మణికట్టుకు నాలుగు వేళ్ల పైన లోతుగా దిగింది. బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరం వేలిలో సగం, వీటికి స్పర్శ ఇచ్చే నరం తెగిపోయింది.

సర్జన్‌గారు కుట్టారు. కుట్టగానే పనిచేయడానికి ఇది కరెంటు తీగ కాదమ్మా అని కూడా చెప్పారు. తెగిన చోటునుంచి వేలిదాకా ఉన్న పాత నరం చచ్చిపోతుందట. దాని తొడుగులు మిగులుతాయట. ఆ తొడుగుల్లోని కణాలు చెత్తంతా ఊడ్చి, దారి చేసి, ఇటు రమ్మని రసాయనాలు వదులుతాయట. పెరిగే నరం కొన మీద రిసెప్టర్లు ఉంటాయి. అవి ఆ రసాయనాన్ని పట్టుకుని లోపలికి కబురు చేస్తాయి. ఆ కబురు వెన్నెముక పక్కన కూర్చున్న నరకణం దాకా వెళ్లాలి, అక్కడ సరుకు తయారై రావాలి, అప్పుడు కొన ముందుకు జరుగుతుంది. రోజుకు ఇంచుమించు ఒక మిల్లీమీటరు. మా వీధి రోడ్డు పనులతో పోలిస్తే వేగమే.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసరుగారు నన్ను తీసుకెళ్లి రిసెప్షన్‌లో కూర్చోబెట్టారు. అక్కడా ఆ రిసెప్టర్ల పనే. వచ్చిన కబురు అందుకోవడం, లోపలికి పంపడం. కాకపోతే మా ఆసుపత్రిలో లోపలినుంచి సరుకేమీ రాదు.

రోజూ పొద్దున్నే పెన్సిలు మొనతో చేతిమీద తట్టుకుంటూ పోయేదాన్ని. కొత్త నరం ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ తడితే జివ్వుమంటుంది. అక్కడొక బాల్‌పెన్ను చుక్క. చుక్కలు మణికట్టు దాటాయి, అరచేయి దాటాయి, చూపుడు వేలి మొదట్లో ఆగిపోయాయి. మూడు వారాలు ఆ వేలిమీద ఎక్కడ తట్టినా వేలు పలకలేదు. పక్కన మధ్య వేలు అప్పుడప్పుడు జిలజిలమనేది గానీ నాకు దానితో పనిలేదు కాబట్టి పట్టించుకోలేదు.

ఫిబ్రవరిలో ఆఫీసరుగారు పిలిచారు. "వచ్చే సోమవారం చూద్దామమ్మా. పేషెంట్ల మీద ప్రయోగాలెందుకు, నా చెయ్యే ఇస్తాను. ఒక్క పోటుతో తీస్తే ల్యాబ్‌కి పంపిస్తాను. లేదంటే రిసెప్షన్ పర్మనెంటు చేసేద్దాం" అన్నారు. ఆయన త్యాగానికి నా కళ్లు చెమర్చాయి. ఇంటికొచ్చాక ఇంకాస్త చెమర్చాయి. సూది లేకుండా నేనెవరినో నాకు తెలియదు.

వేలికి రకరకాల వస్తువులు తగిలించి స్పర్శ నేర్పాలని ఫిజియోథెరపీ అమ్మాయి ఒక కిట్టు చూపించింది. డబ్బాలో కాస్త దూది, గుప్పెడు గింజలు, రెండు గుడ్డ పీలికలు. ధర పద్దెనిమిది వందలు. ఆ డబ్బుతో అవన్నీ పండే ఊళ్లే చూసి రావచ్చు కదా అనిపించింది. బుధవారం రైలెక్కాను.

గుంటూరు

గుంటూరు వచ్చిందని బోర్డు చూసి తెలుసుకోనక్కర్లేదు, ముక్కు చెబుతుంది. మిరప యార్డు దగ్గర ఆటో దిగేసరికి నాకు తుమ్ములు మొదలయ్యాయి. "మొదటిసారా?" అన్నాడు ఆటో అతను, తువ్వాలు ముక్కుకు చుట్టుకుంటూ. ఏడో తుమ్ముకు చిల్లర ఇచ్చాడు.

పొద్దున టిఫిను ఇడ్లీ. దానిమీద నెయ్యి, నెయ్యి మీద ఎర్రగా కారప్పొడి, పక్కన అల్లం పచ్చడి, ఇంకో పక్కన "ఇది చప్పగా ఉంటుందండి, పిల్లలకి" అని పెట్టిన పల్లీ చట్నీ. ఆ పిల్లల చట్నీ తిని రెండు గ్లాసుల నీళ్లు తాగాను. మా గోదావరిలో పులుసులో చిటికెడు బెల్లం వేస్తామని చెబితే సర్వరు నావైపు జాలిగా చూశాడు.

యార్డుకు కాస్త దూరంలో ఒక షెడ్డులో ఆడవాళ్లు మిరపకాయల తొడిమలు తీస్తున్నారు. ముందు ఎర్రటి గుట్టలు, పక్కన గోతాలు, ముక్కులకు పైట కొంగులు. అందరిలోకీ పెద్దావిడ పేరు చిట్టెమ్మ. వెళ్లి పక్కన నిలబడ్డాను.

"పనికొచ్చావా, చూట్టానికొచ్చావా?" అంది.

"రెండింటికీనండి. కూలీ వద్దు."

చేతులాగిపోయాయి. కూలీ వద్దన్న మనిషిని అక్కడ అంతకుముందు చూసినట్టు లేరు. నా చెయ్యి చాపి, మచ్చ చూపించి, సంగతంతా చెప్పాను. మిరపకాయ నిజానికి కాల్చదని, వేడిని కనిపెట్టడానికి నరం కొనమీద ఉండే రిసెప్టర్‌ను అది మోసం చేస్తుందని, నా వేలికి మంట తెలిస్తే నరం అక్కడిదాకా వచ్చినట్టేనని చెప్పాను. చిట్టెమ్మ శ్రద్ధగా విన్నది.

"నిప్పు లేకుండానే మండుద్దంటావ్."

"అవునండి."

"నలభై ఏళ్ల నుంచి నేనూ మేస్త్రీకి అదే చెప్తన్నా, మంటకి కూలీ కలపమని. నిప్పేదీ అంటాడు."

గిన్నెలో ఆముదం ఉంది. పనికి ముందు వాళ్లు అరచేతులకు అది రాసుకుంటారు. నన్నూ రాసుకోమన్నారు, నేను వద్దన్నాను. అందరూ నవ్వారు. మధ్యాహ్నానికి ఆ నవ్వు నాకు అర్థమైంది. కుడిచెయ్యి మొత్తం భగ్గుమంటోంది. ఎడమచేతి చిటికెన వేలు, అరచేతి అంచు కూడా. చూపుడు వేలు మాత్రం ఏమీ ఎరగనట్టు కూర్చుంది.

చిట్టెమ్మ తన మజ్జిగ గిన్నెలో నా చేతులు పెట్టించి, ఒక్కో వేలూ పట్టుకుని అడిగింది. "ఇది?" మండుతోంది. "ఇది?" లేదు. ఉంగరం వేలి దగ్గరికొచ్చేసరికి నేనే ఆశ్చర్యపోయాను. చిటికెన వేలి వైపు సగం మండిపోతోంది, ఇవతలి సగం చల్లగా ఉంది. వేలి నడుమ ఎవరో గట్టు వేసినట్టు. ఆ వేలికి రెండు నరాలు చెరిసగం కాపలా కాస్తాయని పుస్తకంలో చదివినదే. నా వేలిమీద ఇంత కచ్చితంగా కనబడుతుందని అనుకోలేదు.

"అన్నదమ్ములు పంచుకున్నట్టుందే" అంది చిట్టెమ్మ. తర్వాత తన అరచేతులు చూపించింది. నున్నగా, గట్టిగా, ఎర్రగా ఉన్నాయి. "నాకిప్పుడు అంతగా తెలియదు. ఇంటికెళ్లి మనవరాలి మొహం నిమిరితే దానికి తెలుసుద్ది."

రోజూ అదే పనిగా మంట పెడితే రిసెప్టర్లు విసిగిపోయి జవాబివ్వడం తగ్గిస్తాయి. ఆ మాట ఆవిడతో అనలేదు. మంట పోవాలని ఆవిడ, రావాలని నేను, ఒకే గిన్నెలో చేతులు పెట్టుకుని కూర్చున్నాం. రాత్రికి లాడ్జిలో కుడిచేత్తో అన్నం తినలేక స్పూను అడిగాను. "మిరపకాయలు పట్టుకున్నారా" అని నవ్వాడు కుర్రాడు. మూడున్నర వేళ్లు మాత్రం హాయిగా నిద్రపోయాయి, నాకే నిద్ర రాలేదు.

వినుకొండ దారిలో

మర్నాడు వినుకొండ బస్సులో పక్కసీటావిడ పేరు అంజమ్మ. సొంతంగా మూడెకరాల పత్తి. నర్సరావుపేట వచ్చేలోపు నా జీతం, మా ఆయన ఉద్యోగం, నాకు పిల్లలెందరో కనుక్కుంది. మా వైపు ఈ ప్రశ్నలకు ముందు వాతావరణం గురించి మాట్లాడతాం. ఈవిడకు అంత తీరిక లేదు.

"పత్తి ముట్టుకోవాలా? ఆఖరి తీత ఉంది, మనుషులు దొరక్క చస్తన్నా. రా" అంది. ఈ ప్రాంతంలో నా చేతికి వైద్యం ఎవరూ చేయలేదు గానీ, పని మాత్రం అందరూ ఇచ్చారు.

వినుకొండ ఇంకా రాకముందే ఒక ఊళ్లో దిగాం. నల్లరేగడి నేల, ఎండిన పత్తి మొక్కలు, దూరంగా వినుకొండ కొండ. పైట చెంగు ఒడిలా కట్టుకుని పత్తి తీయడం చూడటానికి చాలా సులువు. విచ్చుకున్న కాయ అంచులు ఎండి ముళ్లలా ఉంటాయి. దూదిని మాత్రమే వేళ్లతో పట్టి లాగాలి. నా చూపుడు వేలికి దూదీ ఒకటే, ముల్లూ ఒకటే. కళ్లతో చూసుకుంటూ తీశాను.

ఒకసారి మధ్య వేలు చురుక్కుమంది. ఆపి చూసుకున్నాను. ఏమీ లేదు, గీత కూడా లేదు. మళ్లీ తీయడం మొదలుపెట్టాను.

పది నిమిషాలకు అంజమ్మ అరిచింది. "ఆ ఎరుపేంది?"

నా ఒడిలో పత్తి మీద రక్తం. చూపుడు వేలి కణుపు దగ్గర కాయ మొన దిగి, కారుతూనే ఉంది. నాకు తెలియనే లేదు. పద్దెనిమిదేళ్లుగా అడిగి, ఒప్పించి, బుజ్జగించి రక్తం తీసినదాన్ని. నా రక్తం ఒక ఎండు కాయ మాట కూడా చెప్పకుండా తీసేసుకుంది.

అంజమ్మ మొదట నా వేలు చూడలేదు, పత్తి చూసింది. "మరక పత్తి అంటే ధర కోస్తారమ్మా" అని ఎర్రబడిన దూదంతా ఏరి పక్కన పడేసింది. అప్పుడు తన కొంగు చింపి వేలికి చుట్టింది. కడుతున్నంతసేపూ తిట్టింది. తెలియని చేతికి పని చెప్పినందుకు తనను, తెలియని చెయ్యి వేసుకుని ఊళ్లు తిరుగుతున్నందుకు నన్ను.

మధ్యాహ్నం జొన్నన్నం, గోంగూర, పచ్చి ఉల్లిపాయ. "బాగైతదిలే" అంది కంచంలో ఇంకాస్త వేస్తూ. ఎలా తెలుసని అడిగాను. "అననీయవే" అంది. ఆవిడకూ తెలియదని అర్థమై, గోంగూర పులుపు నెపంతో కాసేపు కళ్లు తుడుచుకున్నాను. సొంత రక్తం కారుతుంటే తెలియని వేలిని పసిబిడ్డ చేతిమీద ఎలా పెట్టను? ఆఫీసరుగారి మాటే న్యాయమని మొదటిసారి అనిపించింది. అలా అనిపించడం ఆ ముల్లు కంటే ఎక్కువ బాధపెట్టింది.

చీరాల

చిలకలూరిపేటలో బస్సు మారి చీరాల వెళ్లాను. ఇంటికి తిరిగి వెళ్లిపోవలసిందే, కానీ ఆదివారం దాకా సెలవు పెట్టాను, చీరాల లాడ్జికి ముందే అడ్వాన్సు కట్టాను. ఓడిపోయినదానికి చీరైనా మిగలాలి కదా.

నేతవాళ్ల వీధిలో ఒక ఇంట్లోకి చీర కోసం వెళ్తే, మగ్గం ముందు నాగేశ్వరమ్మ అనే ఆవిడ పడుగు, అంటే చీర నిలువు పోగులు, అతుకుతోంది. పాత పడుగు అయిపోతే దాని పోగుల కొసలు మగ్గంలోనే ఉంచుతారు. కొత్త పడుగు తెచ్చి, కొత్త పోగు ఒక్కోటీ పాత పోగు ఒక్కోదానికి మెలితిప్పి అతుకుతారు. అంతా అయ్యాక లాగితే, పాత పోగుల వెంట కొత్తవి వాటి వాటి దారుల్లోకి వస్తాయి. వేల పోగులు. ఆవిడ వేళ్లకు కాస్త బూడిద అద్దుకుని, రెండు కొసలు కలిపి ఒక్క మెలిక తిప్పి వదిలేస్తోంది. కళ్లు మాత్రం నామీదే ఉన్నాయి.

"కోడలు పుట్టింటికెళ్లింది. ఆ కట్ట కాస్త పట్టుకోండి, చీరలు తర్వాత చూద్దురుగాని" అంది. ఇక్కడ కూడా పనే.

పట్టుకున్నాను. కాసేపటికి "మీరూ ఒకటి వేయండి" అని నా వేళ్లకు బూడిద రాసి, రెండు కొసలు నా ఎడమచేతి చూపుడు వేలిమీద పెట్టింది. అంజమ్మ కట్టిన కట్టుకు పైన వేలి కొస బయటే ఉంది. బొటనవేలితో తిప్పాను.

మధ్య వేలికి చక్కిలిగింత పెట్టినట్టయింది.

మధ్య వేలు గాలిలో ఉంది. దానికేమీ తగలడం లేదు. పోగు తీశాను, చక్కిలిగింత పోయింది. మళ్లీ పెట్టి తిప్పాను, మళ్లీ వచ్చింది. పత్తిచేలో చురుక్కుమన్నది గుర్తొచ్చింది. మూడు వారాల జిలజిల గుర్తొచ్చింది. మూడు వారాలుగా చూపుడు వేలిని తట్టి, జవాబు చూపుడు వేలినే అడిగాను. జవాబు పక్కింటినుంచి వస్తోంది.

నరం రాకపోవడం కాదు, వచ్చింది. కానీ వేల కొసలు వేల తొడుగుల్లోకి దూరే తొక్కిసలాటలో, ఇదివరకు మధ్య వేలికి వెళ్లిన పోగులు చూపుడు వేలి దారి పట్టాయి. రసాయనం పిలిచింది, రిసెప్టర్లు అందుకున్నాయి, కొన పెరిగింది. అందరూ తమ తమ డ్యూటీ చక్కగా చేశారు. చేరవలసిన ఇల్లు మాత్రం తప్పింది. అచ్చం మా రిసెప్షన్ లాగే. ఇలా జరగవచ్చని సర్జన్‌గారు ముందే చెప్పారు, నేను వినలేదు.

ఆనందించాలో ఏడవాలో తెలియక అక్కడే కూలబడ్డాను. నాగేశ్వరమ్మ మంచినీళ్లిచ్చింది. విషయం చెబితే పెద్దగా ఆశ్చర్యపోలేదు. లేచి ఇంకో మగ్గం దగ్గరికి తీసుకెళ్లింది. దానిమీద ఆవిడ భర్త సుబ్బయ్యగారు నేస్తున్నారు. పడుగులో ఒకచోట చిన్న ఎర్ర దారం ముడి ఉంది.

"ఇది నా తప్పే. రెండు పోగులు ఒకదానిది ఇంకోదానికి అతికేశా. లాగేశాక చూసుకున్నాం."

"విప్పి మళ్లీ అతకలేదా?"

సుబ్బయ్యగారు నేత ఆపకుండానే చెప్పారు. "విప్పితే చుట్టుపక్కల పది తెగుతయ్యండి. రెండూ ఒకటే రంగు, చీరకేం కాదు. అక్కడ కాస్త బిగుసుద్ది. ఆ బిగువు ఎట్టా ఉంటదో నా చేతికి తెలుసు. మొదటి చీరలో రెండుసార్లు తెగింది. రెండో చీరకి తెగలా."

"ముడి ఎందుకు మరి?"

"చెయ్యి నేర్చుకునేదాకా కంటికి గుర్తు" అంది నాగేశ్వరమ్మ.

ఆ రెండు రోజులూ నేను లాడ్జికి పడుకోవడానికే వెళ్లాను. సముద్రం ఆరు కిలోమీటర్లలో ఉందట, చూడలేదు. యాత్రికురాలిగా ఇది సిగ్గుచేటే. నాగేశ్వరమ్మ నా మధ్య వేలికి ఎర్ర దారం కట్టింది. కళ్లు మూయించి, చూపుడు వేలికింద పోగు, ముడి, చెక్క, గుడ్డ పెట్టేది. మధ్య వేలు చెప్పేది నేను పైకి చెప్పేదాన్ని. మొదటిరోజు ముడిని పోగన్నాను, గుడ్డను చెక్కన్నాను. మధ్యాహ్నం వాళ్లింట్లోనే చేపల పులుసు. మూడో ముద్దకు నా ముక్కు కారుతుంటే ఆవిడ నెయ్యి వేసింది. రెండోరోజు సాయంత్రానికి ముడులు వరసగా తొమ్మిది సరిగ్గా చెప్పాను.

అప్పుడు వాళ్ల చేతులు అడిగాను. సుబ్బయ్యగారి చేతిలో రక్తనాళాలు తాళ్లలా ఉన్నాయి, వాటికి వేలు అక్కర్లేదు. నాగేశ్వరమ్మది సన్నటి చెయ్యి, పైకి ఏమీ కనబడదు. మోచేతి మడత మీద చూపుడు వేలు పెట్టి, కళ్లు మూసుకుని, నెమ్మదిగా జరిపాను. కాసేపటికి మధ్య వేలికింద, అంటే గాలిలో, మెత్తగా ఏదో ఎగిసి పడినట్టు తెలిసింది. పద్దెనిమిదేళ్లుగా నాకు బాగా తెలిసిన మెత్తదనం అది. కొత్త ఇంట్లోనుంచి పలకరించింది.

"ఉందా?" అంది నాగేశ్వరమ్మ.

"ఉందండి" అన్నాను.

వచ్చేటప్పుడు గంధం రంగు చీర కొన్నాను. తప్పుగా అతుక్కున్న పోగు ఉన్న పడుగులోదే కావాలని అడిగితే, సుబ్బయ్యగారు నాకు ఎండదెబ్బ తగిలిందనుకున్నారు.

మళ్లీ రాజమండ్రి

సోమవారం పదింటికి ఆఫీసరుగారు చొక్కా చెయ్యి మడిచి కూర్చున్నారు. ఫైళ్లు తప్ప ఇంకేమీ ఎత్తని చెయ్యి, బొద్దుగా, నున్నగా, రక్తనాళమన్నది ఎరగనట్టుంది. చూడటానికి రిసెప్షన్ అమ్మాయిలు, ల్యాబ్ కుర్రాళ్లు అందరూ వచ్చారు.

"మధ్య వేలికి ఆ దారమేమిటి?" అన్నారు.

"చీరాలలో కట్టారండి."

"ఏ గుడి?"

పట్టీ బిగించి, దూదితో తుడిచి, చూపుడు వేలు పెట్టాను. ఏమీ లేదు. కొంచెం జరిపాను, కొవ్వు లోపలికి గట్టిగా నొక్కాను. కొత్తగా వచ్చిన నరానికి ఓర్పు తక్కువ, నొక్కితే మండుతుంది. మధ్య వేలు గుంటూరు మిరపకాయ తగిలినట్టు భగ్గుమంది. ఆ మంట వెనకే ఆ మెత్తదనం, ఎగిసి పడుతూ. వేలు తీయకుండా కుడిచేత్తో సూది దింపాను. గొట్టంలోకి ఎర్రగా వచ్చింది. ఒక్క పోటే.

ఆఫీసరుగారు అప్పటిదాకా గోడమీది క్యాలెండరు వైపు తిప్పుకున్న మొహం ఇటు తిప్పారు.

"అయిపోయిందా? అసలు నొప్పే తెలియలేదమ్మా" అన్నారు.

"నాకు తెలిసిందండి" అన్నాను.